కోరింగ పక్షుల టూర్‌కి డబ్బు కట్టేముందు సముద్రం పోటు టైమ్ అడగండి

సంక్రాంతి సెలవులకి కాకినాడ, కోరింగ అభయారణ్యం వైపు "బర్డ్ వాచింగ్ ప్యాకేజీ" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మేం మనిషికి 3,500 కట్టి వెళ్ళాం. డబ్బు పోయిందన్న బాధ ఒకటైతే, పక్షుల్ని వాళ్ళు పెట్టిన హింస చూసి ఇంకా కడుపు మండిపోతోంది.

ప్రకటనలో ఫ్లెమింగోల గుంపు ఫోటో, మనిషికో బైనాక్యులర్, అనుభవం ఉన్న గైడు అని రాశారు. ఫ్లెమింగోల్ని అలా వేలల్లో చూడాలంటే పులికాట్ వెళ్ళాలి. కాకినాడ తీరానికి చలికాలంలో వచ్చే అసలు అతిథి స్కిమ్మర్. నారింజ రంగు ముక్కులో కింది భాగం పొడుగ్గా ఉంటుంది, దాంతో నీటిని కోసుకుంటూ ఎగురుతుంది. ప్రపంచంలోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షి అది. ఇసుక దిబ్బ మీద అవి కనిపిస్తే మా గైడు "సీగల్సండి" అన్నాడు. బైనాక్యులర్ అందరికీ కలిపి ఒక్కటే, అందులోనూ ఒక కన్ను మసక.

అసలు మోసం టైమింగ్‌లో ఉంది. మమ్మల్ని పదకొండింటికి తీసుకెళ్ళారు. అప్పటికి పాటు తీసి, అంటే సముద్రం వెనక్కి తగ్గి, నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి, పక్షులన్నీ దూరంగా బురద చివర చుక్కల్లా ఉన్నాయి. పడవ కాలవలో బురదకి తగులుకుని ఆగిపోయింది. పడవ నడిపే పెద్దాయన "ఆయ్, పొద్దున్నే చెప్పానండి. రెండు దాటితేగానీ నీరెక్కదండి" అన్నాడు. ఆయన మాట నిర్వాహకులు విన్లేదు, అదే రోజు ఇంకో గ్రూపుని ఒప్పుకున్నారట.

కాకినాడ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఆ టైమ్ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు ఎక్కుతున్నప్పుడు బురద మునిగేకొద్దీ పక్షులు ఒడ్డు వైపు వస్తాయి, చూడాల్సింది అప్పుడే. కాబట్టి రోజూ ఒకే టైమ్‌కి టూర్ అని రాసేవాళ్ళకి ఈ సంగతి తెలియదనుకోవాలి, లేదా తెలిసీ పట్టించుకోవడం లేదనుకోవాలి.

రెండున్నరకి నిజంగానే దగ్గరికొచ్చాయి. ఒక కర్ల్యూ వంకర ముక్కు మొత్తం బురదలోకి దింపి పీతని లాగింది, విదిలించి విదిలించి కాళ్ళు ఊడగొట్టి మింగింది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఇంతలో నిర్వాహకుడు "ఫ్లయింగ్ షాట్ కావాలా సార్" అంటూ పడవని గుంపు మీదికి పోనిమ్మన్నాడు, పళ్ళెం వాయించాడు. గుంపంతా లేచిపోయింది. సైబీరియా దాకా తిరిగి ఎగరాల్సిన పక్షులున్నాయి వాటిలో. తినే కాస్త సమయంలో అలా లేపితే ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగిపోతుంది. వద్దని అరిచాం, నవ్వాడు. అభయారణ్యంలో వన్యప్రాణుల్ని వేధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

లైఫ్ జాకెట్లు సగం మందికే ఇచ్చారు, వాటికీ క్లిప్పులు లేవు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక కూడా ఇంత నిర్లక్ష్యం ఏమిటో అర్థం కాదు.

డబ్బు వెనక్కి అడిగితే "ప్రకృతి మా చేతుల్లో ఉండదు" అని మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన రసీదు ఉండబట్టి పని తేలికైంది, మీరూ దాచుకోండి.

వెళ్ళాలనుకుంటే ముందు మీరు వెళ్ళే రోజు పోటు ఎన్నింటికో అడగండి. చెప్పలేకపోతే అడ్వాన్స్ కట్టొద్దు. మడ అడవి మాత్రమే చూడాలంటే ప్యాకేజీ అక్కర్లేదు, కాకినాడ-యానాం రోడ్డు మీద దిగితే అటవీశాఖ టికెట్టుతో చెక్క వంతెన మీద నడిచి చూడొచ్చు. పడవ ఎక్కాలంటే మాత్రం నీళ్ళున్న టైమ్ అక్కడి కౌంటర్‌లోనే కనుక్కోండి.