పడవలో కెమెరాకు కరెంటు: ఈథర్నెట్ వైరులోనా, విడి వైరులోనా?

నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకు వెళ్లే లాంచీల్లాంటి పడవ మీద కెమెరా, వైఫై పెట్టాలంటే ముందు తేలాల్సింది కరెంటు సంగతే.

బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు లాగి, ఫ్యూజు వేయడం పాత పద్ధతి. చెడిపోతే దగ్గర్లోని హాలియాలో ఏ ఎలక్ట్రీషియన్ అయినా బాగుచేస్తాడు. కానీ 12 వోల్టుల మీద 12 వాట్ల కెమెరాకు 1 ఆంపియర్ పారాలి. అదే 48 వోల్టుల మీద పంపితే పావు ఆంపియర్ చాలు. అంతే మందం తీగలో వృథా పదహారో వంతుకు పడిపోతుంది. నెట్‌వర్క్ వైరులోనే దాదాపు 48 వోల్టుల మీద కరెంటు పంపే పద్ధతి పేరు పవర్ ఓవర్ ఈథర్నెట్, దాని బలమంతా ఇక్కడే ఉంది. డేటా, కరెంటు ఒకే కేబుల్‌లో 100 మీటర్ల దాకా వెళ్తాయి. స్తంభం పైకి ఒక్క వైరు ఎక్కిస్తే పని అయిపోతుంది.

అయితే 12 వోల్టులను పెంచే కన్వర్టర్ కావాలి, అందులో కొంత కరెంటు వేడిగా పోతుంది. పది అడుగుల దూరానికి ఈ ఖర్చు దండగ. పైగా పవర్ ఓవర్ ఈథర్నెట్‌కు ఉన్న 802.3ఏఎఫ్ ప్రమాణంలో పరికరానికి అందేది 12.95 వాట్లే, 802.3ఏటీలో 25.5. నీళ్లు తోడే పంపును దీని మీద నడపలేం.

నాకు ఎక్కువ టెన్షన్ తడితోనే. ఈథర్నెట్ వైరు చివర ఉండే ఆర్‌జే45 కనెక్టర్ పిన్నులు సన్నవి, తేమ చేరితే చిలుము పడతాయి. సముద్రపు ఉప్పుగాలికి త్వరగా, సాగర్‌లో కాస్త నిదానంగా. నీరు చొరని మూత ఉన్న కనెక్టరే కొనండి.

నేనైతే కెమెరాకు, వైఫైకి ఈథర్నెట్ వైరే వేస్తాను. జీపీఎస్, రేడియో మాత్రం నేరుగా బ్యాటరీకి కలుపుతాను. జనం ఎక్కే పడవలో ఈథర్నెట్ వైర్లకు కరెంటు పంచే ఒక్క నెట్‌వర్క్ స్విచ్ పోతే అన్నీ ఆరిపోకూడదు.