కొత్త బ్రేక్ ప్యాడ్లు: చక్రానికి ఏది మేలు, ఊపిరికి ఏది మేలు?

కారు కడిగేటప్పుడు ముందు చక్రాలకు మసిలాంటి మెత్తటి పొడి అంటుకుని కనిపిస్తుంది. బ్రేక్ ప్యాడ్లు, ఇనుప డిస్కులు ఒకదానికొకటి రాసుకుని అరగ్గా రాలిన పొడి అది. చక్రం మీద ఉన్నది కడిగేస్తాం. గాలిలో కలిసినది మాత్రం పీలుస్తాం. బ్రిటన్ ప్రభుత్వానికి సలహాలిచ్చే గాలి నాణ్యత నిపుణుల బృందం 2019లో ఒక లెక్క చెప్పింది. అక్కడి రోడ్డు వాహనాల నుంచి నేరుగా వచ్చే పీఎం 2.5 (2.5 మైక్రాన్లలోపు సన్నటి రేణువులు)లో 60 శాతం, పీఎం 10 (10 మైక్రాన్లలోపు రేణువులు)లో 73 శాతం బ్రేకులు, టైర్లు, రోడ్డు అరగడం వల్లే వస్తున్నాయట. అంటే పొగగొట్టం వాటా ఇప్పుడు చిన్నది.

ప్యాడ్లు మార్చేటప్పుడు ఎన్నాళ్లు మన్నుతాయి, చప్పుడు చేస్తాయా, ధర ఎంత అని అడుగుతాం. వాటి పొడి సంగతి కూడా అడగాలి.

సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు ఎక్కువ. వేడిని బాగా తట్టుకుంటాయి కానీ డిస్కును తినేస్తాయి, చప్పుడూ ఎక్కువే. యూరప్‌లో ఎక్కువగా వాడే ‘లో మెటాలిక్’ (లోహం తక్కువ ఉండే) ప్యాడ్లకు పట్టు బాగుంటుంది, పొడి కూడా బాగానే రాలుతుంది. జపాన్, అమెరికాల్లో ఆస్బెస్టాస్ (రాతినార) లేని ఆర్గానిక్ ప్యాడ్ల వాడకం ఎక్కువ. ఇవి మెత్తగా, నిశ్శబ్దంగా పనిచేస్తాయి. సిరామిక్ ప్యాడ్లు ఖరీదైనవే అయినా చక్రాలు శుభ్రంగా ఉంటాయి.

చక్రాన్ని చూసి తీర్పు చెబితే చివరి రెండు రకాలే గెలుస్తాయి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 2025లో వెలువడిన సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధన చూశాక నా అభిప్రాయం మారింది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ నాలుగు రకాల ప్యాడ్ల పొడినీ ప్రయోగశాలలో ఊపిరితిత్తుల కణాల మీద వేసి చూశారు. అన్నిటికంటే ఎక్కువ హాని చేసింది ఆర్గానిక్ ప్యాడ్ల పొడి, దాని తర్వాత సిరామిక్‌ది. ఆర్గానిక్ పొడి డీజిల్ పొగలోని రేణువులకంటే కూడా ఎక్కువ హాని చేసింది. ఈ రెండు రకాల్లోనూ రాగి ఎక్కువ. ఆ రాగి పనిచేయకుండా కట్టడి చేస్తే హాని కూడా తగ్గింది. ఇది కణాల మీద చేసిన ప్రయోగమే, మనుషుల మీద కాదు. అయినా పొడి తక్కువ కనిపించినంత మాత్రాన ప్రమాదం తక్కువని నమ్మకూడదని తేలిపోయింది. ఆస్బెస్టాస్ ప్రాణాలు తీస్తుందని వదిలేసి మనం తెచ్చుకున్న ప్యాడ్లివి. అందుకే ఇది నన్ను బాధపెట్టింది.

రాగిని తగ్గించే పని అమెరికాలో ముందే మొదలైంది, అదీ సాల్మన్ చేపల కోసం! వానకు కొట్టుకొచ్చే రాగి నీళ్లలో చేపల్ని దెబ్బతీస్తోందని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి కొత్త ప్యాడ్లలో రాగి 0.5 శాతం మించకూడదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ప్యాడ్ అంచున ఉండే కోడ్‌లో ‘ఎన్’ అనే అక్షరం ఉందేమో చూడండి. రాగి ఆ పరిమితిలోపే ఉందని దాని అర్థం. బ్రేక్ పొడికి మొదటిసారి హద్దు పెట్టిన యూరప్ వాహన కాలుష్య నిబంధన యూరో 7 2026 నవంబరు చివర నుంచి కొత్త మోడళ్లకు వర్తిస్తుంది. మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, బ్యాటరీ కార్లకు 3. మంచి అడుగే, కానీ ఈ హద్దు పొడి బరువుకే, అందులో ఏముందన్నదానికి కాదు.

ఈ నాలుగింటిలో ఒకటి కొనమంటే నేను రాగి లేని, పొడి తక్కువ రాల్చే సిరామిక్ రకమే అడుగుతాను. అంతకంటే మేలు బ్రేకు తక్కువ వేయడం. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో మోటారే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు తక్కువ అరుగుతాయి. పెట్రోలు కారైతే తిరుమల ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో రండి.

డిస్కుకు బదులు మూసి ఉన్న గుండ్రటి డ్రమ్ లోపల రాసుకునే డ్రమ్ బ్రేకుల్లో పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. దారిన పోయేవాళ్లకు అది మంచిదే. కానీ డ్రమ్ విప్పి ఎయిర్ గన్‌తో గాలి కొట్టినప్పుడు అదంతా ఒక్కసారిగా మెకానిక్ ముఖం మీదికి లేస్తుంది. మన దేశంలో ఆస్బెస్టాస్ వాడకాన్ని పూర్తిగా నిషేధించలేదు, పాత లైనింగుల్లో (డ్రమ్‌కు రాసుకునే పొరల్లో) అది ఉండొచ్చు కూడా. బండి ఇచ్చేటప్పుడే “అన్నా, గాలి కొట్టొద్దు, తడిగుడ్డతో తుడువు” అని చెప్పండి. పక్కనే స్పానర్లు అందించే కుర్రాడు కూడా ఆ గాలే పీలుస్తున్నాడు.