లీచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్: నా ఫ్రెంచ్ డిఫెన్స్‌కి దొరికిన మందు

చెస్‌లో ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తులు) కోర్సుకి డబ్బులు కట్టే ముందు ఒకసారి లీచెస్ అనే చెస్ సైట్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ వాడి చూడండి, ఏ పొజిషన్‌లో ఎవరు ఏ ఎత్తు ఆడారో చూపించే టూల్ ఇది, పూర్తిగా ఫ్రీ, యాడ్స్ ఉండవు, విరాళాల మీద నడిచే సైట్ అది.

నేను నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడతా, అంటే తెల్లవాళ్ళు బంటుని ఈ4 గడికి తోస్తే నేను బంటుని ఈ6కి తోస్తా. 2024 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో, సింగపూర్‌లో, మొదటి గేమే డింగ్ లిరెన్ ఇది ఆడి గుకేశ్ మీద 42 ఎత్తుల్లో గెలిచాడు, అది చూశాకే నాకు దీని మీద ఇష్టం పెరిగింది. కాకపోతే అక్కడొచ్చింది ఫ్రెంచ్‌లోనే స్టైనిట్జ్ వేరియేషన్ అనే దారి. నాకు తగిలేవాళ్ళలో చాలామంది మూడో ఎత్తుకే బంటుని ఈ5కి తోసేసి అడ్వాన్స్ వేరియేషన్ అనే ఇంకో దారిలోకి వెళ్ళిపోతారు.

ఎక్స్‌ప్లోరర్‌లో మాస్టర్స్ గేమ్స్ వేరేగా, లీచెస్‌లో మామూలు జనం ఆడినవి వేరేగా ఉంటాయి, వీటిలో మన రేటింగ్ రేంజ్ పెట్టుకుని చూడొచ్చు. మూడోది ప్లేయర్ ట్యాబ్, మన యూజర్ నేమ్ కొడితే మన గేమ్సే చెట్టులా విడదీసి ఏ ఎత్తు దగ్గర ఎన్ని గెలిచాం ఎన్ని ఓడాం చూపిస్తుంది. నాకు అసలు విషయం బయటపడింది ఇక్కడే.

ఆ ఈ5 తర్వాత నాతో మొదలై ఎత్తులు ఇలా నడుస్తాయి: సీ5, సీ3, గుర్రం సీ6, గుర్రం ఎఫ్3, క్వీన్ బీ6, అప్పుడు తెల్లవాళ్ళు బిషప్‌ని డీ3లో పెడతారు. డీ4లో బంట్లు మార్చుకున్నాక అక్కడ మిగిలిన తెల్లబంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది, గుర్రంతో కొడతాం, వాళ్ళు గుర్రంతో కొడతారు, మనం క్వీన్‌తో తింటాం, వెంటనే బిషప్ బీ5 చెక్! డీ ఫైల్ తెరుచుకుని మన క్వీన్ పోతుంది. బ్లిట్జ్‌లో, అంటే కొన్ని నిమిషాల్లో అయిపోయే గేమ్స్‌లో, ఇలా పోయిన ప్రతిసారీ తొందర వల్ల అనుకున్నా, అన్నీ ఒకేచోట చూశాక తెలిసింది నాకు ఆ లైనే రాదని.

మాస్టర్స్ ట్యాబ్‌కి వెళ్తే జవాబు దొరికింది, ముందు బిషప్ డీ7. ఆ చెక్ ఇక పనిచేయదు, అప్పుడు డీ4 బంటు నిజంగానే మనది. ఎక్స్‌ప్లోరర్ ఎత్తు చూపిస్తుంది అంతే, అది ఎందుకు ఆడతారో కూర్చుని మనమే ఆలోచించుకోవాలి, అందుకే బాగా గుర్తుంటుంది కూడా.

మొన్న టోర్నమెంట్ ఐదో రౌండ్‌లో అచ్చం అదే పొజిషన్ బోర్డు మీదకి వచ్చింది, చేతులు వణికాయి నిజంగా. బిషప్ డీ7 ఆడా. అవతలి ఆటగాడు క్యాసిల్ చేసి (రాజుని ఏనుగు పక్కకి దాచి) అటాక్ కోసం కావాలనే బంటు వదిలేశాడు, దీన్ని మిల్నర్-బ్యారీ గాంబిట్ అంటారు. తిన్నా, చాలాసేపు అటాక్ ఓర్చుకున్నా, చివరికి ఎండ్‌గేమ్‌లో ఆ ఎక్స్‌ట్రా బంటుతోనే గెలిచా.

ఇప్పుడు తెల్లపావుల గేమ్స్ కూడా ఇలాగే తీసి చూస్తున్నా, ముందు నల్లవాళ్ళు ఆడే కారో-కాన్ అనే ఇంకో డిఫెన్స్ దగ్గర మొదలుపెట్టా.