శారద మాట చివరి వరుసకు వినిపించాలి: నల్లగొండలో ఒక అద్దె తెర సేవపై సమీక్ష

నల్లగొండ పట్టణంలో ప్రొజెక్టరు, తెర, స్పీకర్ బాక్సులు అద్దెకిచ్చి, వాటిని నడిపే మనిషిని కూడా వెంట పంపే ఒక చిన్న దుకాణం ఉంది. పెళ్లిళ్లకు, క్రికెట్ మ్యాచులకు, బతుకమ్మ పాటలకు వాళ్ల సామాను ఎక్కువగా తిరుగుతుంది. మొన్న దసరా సెలవుల్లో మా అమ్మకు 70 ఏళ్లు నిండిన సందర్భంగా, నిడమనూరు వైపున్న మా ఊరి బడి ఆవరణలో మూడు రాత్రులు వరుసగా ఆమెకు ఇష్టమైన నటి శారద సినిమాలు వేయించాలని అనుకొని ఈ సేవను తీసుకున్నాము. రాత్రికి 3,500 రూపాయలు, బండి ఖర్చు వేరు. సినిమాల ప్రతులను మనమే పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకోవాలి. 12 అడుగుల తెర, ప్రొజెక్టరు, రెండు పెద్ద బాక్సులు, కరెంటు పోతే జనరేటరు, సామాను నడిపే ఒక తమ్ముడు ఈ ధరలోనే వస్తాయి.

తెర బాగుంది. ముడతలు లేవు, చీకటి పడ్డాక బొమ్మ స్పష్టంగా కనిపించింది, మూడు రాత్రుల్లో ఒకసారి కరెంటు పోయినప్పుడు జనరేటరు రెండు నిమిషాల లోపే అందుకుంది. వీటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. నేను వివరంగా రాయదలచినది శబ్దం గురించి. శారద నటనను చూపించే ఏ సేవనైనా ఆ ఒక్క కొలతతోనే తూచాలని ఈ మూడు రాత్రుల తర్వాత నాకు గట్టిగా అనిపిస్తున్నది.

ఎందుకో చెప్పాలంటే ఆమె నడిచి వచ్చిన దారిని కొంత చెప్పవలసి ఉంటుంది. తెనాలిలో 1945లో సరస్వతీదేవిగా పుట్టిన శారద, సినిమాల్లో నిలదొక్కుకోకముందు నాటకాలాడారు. నాగభూషణం ఊరూరా ప్రదర్శించిన రక్తకన్నీరు నాటకంలోనూ ఆమె వేషం కట్టారు. రంగస్థలం మీద మాట చివరి వరుసలో నేల మీద కూర్చున్న మనిషి దాకా వెళ్లాలి, కాబట్టి అక్కడ పెరిగిన నటులకు గొంతు ఎత్తి, పదాన్ని సాగదీసి పలకడం అలవాటవుతుంది, ఆ అలవాటు సినిమాలోకి వచ్చాక కూడా చాలామందిని వదలదు. శారద మాత్రం కెమెరా ముందు నిలబడేసరికి ఆ గొంతును పూర్తిగా దించేశారు. 1955లో కన్యాశుల్కంలో చిన్న పాత్రలో కనిపించి, 1961లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో వచ్చిన ఇద్దరు మిత్రులులో ప్రేక్షకుల దృష్టిలో పడిన ఆమెకు, నిజమైన బలమున్న పాత్రలు మొదట దొరికింది మలయాళంలో. అక్కడ 1968లో వచ్చిన తులాభారానికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. ఆ రోజుల్లో ఆ పురస్కారాన్ని ఊర్వశి అని పిలిచేవారు గనుక ఆమె మనకు ఊర్వశి శారద అయ్యారు. 1972లో మలయాళ దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ తొలి చిత్రం స్వయంవరానికి రెండోసారి, 1977 సంవత్సరానికి బి.ఎస్. నారాయణ తీసిన మన తెలుగు చిత్రం నిమజ్జనానికి మూడోసారి అదే గౌరవం దక్కింది. పరభాషలో రెండుసార్లు, సొంత భాషలో ఒకసారి. ఈ లెక్క నన్ను ఎప్పుడూ కొంచెం బాధపెడుతుంది.

మొదటి రాత్రి మనుషులు మారాలి వేశాము. తులాభారం మొదట తోప్పిల్ భాసి రాసిన నాటకం. అది మలయాళంలో సినిమాగా వచ్చి, తర్వాత తమిళం, తెలుగు, హిందీ భాషల్లోకి వెళ్లగా, నాలుగింటిలోనూ ఆ తల్లి పాత్రను శారదే ధరించారు. 1969లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో వచ్చిన తెలుగు రూపమే మనుషులు మారాలి. కార్మిక నాయకుడైన భర్తను పోగొట్టుకొని, ఆకలికి తాళలేని పిల్లలను తన చేతులతోనే చంపుకున్న స్త్రీ కథ అది. అంతటి కథలో కూడా ఆమె ఏడుపును గుక్కపట్టి చూపించరు. కోర్టు బోనులో నిలబడిన ఆ మనిషిలో కన్నీళ్లు అయిపోయిన తర్వాత మిగిలే అలసట ఉంటుంది, ఆ అలసట గొంతులోనే వినిపిస్తుంది.

ఆ గొంతే మాకు వినపడలేదు. అంతకుముందు రాత్రి ఎక్కడో బతుకమ్మ పాటలకు పెట్టిన సెట్టింగును మార్చకుండానే బాక్సులు తెచ్చినట్టున్నారు. బేస్ పూర్తిగా పెరిగి ఉండడంతో, ప్రతి మాటా కుండలో తల పెట్టి మాట్లాడినట్టు గుమ్మని మోగి, ఎదురుగా ఉన్న బడి గోడకు తగిలి మళ్లీ వెనక్కి వచ్చింది. దానికి తోడు, ఆనాటి సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుందన్న సంగతి పట్టించుకోక తెర నిండా సాగదీయడంతో ముఖాలన్నీ వెడల్పయ్యాయి. శారద ముఖంలో కింది పెదవి దగ్గర జరిగే చిన్న కదలికను చూసి అర్థం చేసుకోవలసిన చోట, ఆ పెదవి అసలు రూపమే లేకుండా పోయింది. నేను వెళ్లి చెప్పగా బొమ్మ వెడల్పును ఆ తమ్ముడు వెంటనే సరిచేశాడు. శబ్దం సరిగ్గా లేదంటే మాత్రం ఇంకా పెంచాడు. అప్పుడు రెండో వరుసలో చాప మీద కూర్చున్న మా పక్కింటి అవ్వ లేచి, "గట్టిగ పెట్టకు బిడ్డా, ఆమె మాటే మెల్లగుంటది, మెల్లగనే ఇననియ్యి" అన్నది. శారద నటన గురించి నేను చదివిన వ్యాసాలన్నింటికన్నా ఆ మాటే నాకు ఎక్కువ నచ్చింది.

సేవకు నేను పెద్ద మార్కులు వేసేది రెండో రోజుకు. ఆ తమ్ముడు మాట పడ్డందుకు ముఖం చిన్నబుచ్చుకోకుండా, సాయంత్రం 5 గంటలకే వచ్చి, పెద్ద బాక్సులను పక్కన పెట్టి, దుకాణం నుంచి తెచ్చిన నాలుగు చిన్న బాక్సులను వెదురు బొంగులకు కట్టి, రెండింటిని తెర దగ్గర, రెండింటిని జనం మధ్యలో నిలిపాడు. బేస్ తగ్గించాడు. నన్ను చివరి చాప మీద కూర్చోబెట్టి, సినిమాలో నెమ్మదిగా మాట్లాడే ఒక సన్నివేశాన్ని మూడుసార్లు వేసి, ప్రతి పదమూ వినబడిందా అని అడిగి మరీ చూసుకున్నాడు. అదనంగా రూపాయి అడగలేదు.

ఆ రాత్రి వేసినది 1973లో కె. విశ్వనాథ్ తీసిన శారద. భర్త లేడన్న నిజాన్ని మనసు ఒప్పుకోని అమ్మాయి పాత్రలో, పేరు పెట్టి మరీ తీసిన ఆ సినిమాలో, ఆమె పిచ్చిని కళ్లు తిప్పి, జుట్టు విరబోసుకొని నటించరు. మామూలు ఇల్లాలు మామూలు సంతోషంతో మాట్లాడినట్టే మాట్లాడతారు. ఆ మామూలుతనమే మనల్ని భయపెడుతుంది. ముందురోజు ఈ గొంతు వినబడి ఉంటే మనుషులు మారాలి ఎంత బాగుండేదో అని అందరికీ అనిపించి, ఆ సినిమాను ఇంకోసారి వేయించమని నలుగురైదుగురు అడిగారు.

మూడో రాత్రికి అనసూయమ్మగారి అల్లుడు వేద్దామని, జనం నవ్వుకుంటారని ఆ తమ్ముడే సలహా ఇచ్చాడు. చండశాసనుడు నుంచి ఆ సినిమా దాకా 1980లలో శారద చేసిన పెద్దింటి ఆడపడుచు, అత్త, అధికారిణి పాత్రలను నేను తీసివేయను. గొంతు ఎత్తవలసి వచ్చినప్పుడు ఆ పాత రంగస్థలపు బలం ఎక్కడికీ పోలేదని అవి చూపిస్తాయి. అయితే ఆమె ఒక్కరే చేయగలిగినది వాటిలో తక్కువ. అదే కాలంలో, 1981లో, అదూర్ ఎలిపత్తాయంలో ఆమెకు ఇచ్చిన రాజమ్మ పాత్రను చూసినవారికి ఈ తేడా తెలుస్తుంది. అన్నకు చాకిరీ చేస్తూ, దాదాపు మాటే లేకుండా కరిగిపోయే చెల్లెలు ఆ రాజమ్మ. తెలుగులో ఆమెకు అప్పటికే అలాంటి పాత్రలు రాసేవారు కరువయ్యారు.

కాబట్టి ఆ తమ్ముడు చెప్పినది కాకుండా బలిపీఠం వేయించాము. రంగనాయకమ్మ నవల ఆధారంగా దాసరి నారాయణరావు 1975లో తీసిన ఈ చిత్రంలో, దళితుడైన భాస్కర్‌ను పెళ్లి చేసుకొని, అతని మనుషులను మాత్రం తన మనుషులుగా ఒప్పుకోలేని అరుణగా శారద నటించారు. నా దృష్టిలో మూడింటిలో ఇదే కష్టమైన పాత్ర, ఎందుకంటే చూసేవారి జాలి ముందే ఆమె వైపు లేదు. అరుణ అహంకారాన్ని మెత్తగా చేసి మనల్ని మంచి చేసుకోవాలని శారద ఎక్కడా ప్రయత్నించరు. మా ఊళ్లో అన్ని వాడల నుంచీ వచ్చినవాళ్లు ఆ బడి ఆవరణలో పక్కపక్కన కూర్చొని ఆ సినిమా చూశారు. విరామంలో టీ తాగుతున్నప్పుడు కూడా ఎక్కువ మాటలు లేవు. ఇంటికి నడుస్తూ మా అమ్మ, "ఆమెను తిట్టబుద్ధయింది, మళ్ల పాపమనిపించింది" అన్నది. మూడు సినిమాల్లోనూ కథానాయకుడు శోభన్‌బాబే అన్న సంగతి అమ్మ చెప్పేదాకా నాకు తట్టనే లేదు.

ఈ సేవను తీసుకోదలచినవారు తెర గురించి, కరెంటు గురించి నిశ్చింతగా ఉండవచ్చు. పాత సినిమాల కోసమైతే బుక్ చేసేటప్పుడే చిన్న బాక్సులు నాలుగు కావాలని చెప్పండి, బొమ్మను సాగదీయవద్దని చెప్పండి, వెలుతురు ఉండగానే చివరి వరుసలో కూర్చొని ఒక మెల్లని సన్నివేశం విని చూడండి. మొదటి రాత్రికి ఐదులో రెండు, మిగతా రెండు రాత్రులకు నాలుగున్నర చొప్పున ఇస్తున్నాను. సంక్రాంతికి మనుషులు మారాలి మళ్లీ వేయించడానికి ఆ తమ్ముడికే బయానా ఇచ్చి వచ్చాను. నిమజ్జనం మంచి ప్రతి దొరికితే రెండో రాత్రి దానికి.