అడాస్ కోసం టాప్ వేరియంట్ ఎలక్ట్రిక్ కారు బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

కొత్తగా ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తీసుకోవాలని చూస్తున్నవాళ్ళు, అందులోనూ అడాస్ (కెమెరా, రాడార్‌తో రోడ్డును చూస్తూ స్టీరింగ్‌కీ బ్రేక్‌కీ సాయం చేసే ఏర్పాటు) ఉన్న టాప్ వేరియంట్ మీద మనసు పడ్డవాళ్ళు, దయచేసి నా అనుభవం పూర్తిగా చదవండి. కంపెనీ పేరు, షోరూమ్ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా వేరే కంపెనీల బండ్లు కొన్న నా స్నేహితులు ఇద్దరు కూడా దాదాపు ఇలాంటి మాటే చెప్పారు.

మాది ఖమ్మం. పని మీద నెలకు మూడు నాలుగుసార్లు హైదరాబాద్ వెళ్ళి వస్తాను. అడాస్ ఉన్న వేరియంట్‌కూ, దాని కింది వేరియంట్‌కూ తేడా 2 లక్షల పైచిలుకు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు కదా. "అక్కడ మిగిలింది ఇక్కడ పెట్టండి సార్. హైవే ఎక్కితే బండి దానంతట అదే పోతుంది, మీరు స్టీరింగ్ మీద చెయ్యి ఆనిస్తే చాలు" అన్నాడు సేల్స్ అబ్బాయి. మా నాన్న కూడా "సేఫ్టీ అంటున్నారు కదరా, డబ్బుకు చూడకు" అన్నారు. తీసుకున్నాను.

డెలివరీ రోజునే మొదటి షాక్. టెస్ట్ డ్రైవ్ చేసిన బండిలో స్క్రీన్ కింద ఏసీకి, ఫ్యాన్‌కి, అద్దం మీద ఆవిరి పోగొట్టడానికి వరసగా బటన్లు ఉండేవి. నాకు ఇచ్చిన బండిలో అవి లేవు. ఆ చోట నున్నటి నల్లటి ప్యానెల్ ఉంది. పనులన్నీ పెద్ద స్క్రీన్‌లోకి పోయాయి, సైడ్ అద్దాలు సర్దుకోవడం కూడా. అడిగితే "కొత్త బ్యాచ్ సార్, ఇంటీరియర్ మార్చారు, ఇదే లేటెస్ట్" అన్నారు. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో, ముందుగా చెప్పకుండా మార్పులు చేసే హక్కు కంపెనీకి ఉందని రాసి ఉంది. సంతకం పెట్టినప్పుడు నేను అది చదవలేదు. అప్పటికే లోను డబ్బు షోరూమ్‌కు వెళ్ళిపోయింది. ఇంట్లోవాళ్ళంతా దండలు, కొబ్బరికాయతో వచ్చి నిలబడ్డారు. ఆ రోజు గట్టిగా మాట్లాడలేకపోయాను. ఇప్పటికీ బాధగా ఉంది.

బటన్లు పోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు ఆగస్టులో ఒక రాత్రి జరిగింది చెప్పాలి. హైదరాబాద్ నుంచి తిరిగి వస్తున్నాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో పిల్లలు నిద్రలో ఉన్నారు. సూర్యాపేట దాటి ఖమ్మం రోడ్డు ఎక్కాక జోరువాన మొదలైంది. రేంజ్ కోసం, అంటే ఒక్క చార్జింగ్‌తో ఎక్కువ దూరం రావడానికి, ఏసీ తగ్గించి నడుపుతాం కదా, నేనూ అలాగే పెట్టాను. లోపల నలుగురి ఊపిరి, బయట వాన చలి. రెండు మూడు నిమిషాల్లో ముందు అద్దం లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టేసింది. పాత బండిలో అయితే చూడకుండానే చెయ్యి ఆ బటన్ మీదకు పోయేది. ఇందులో మ్యాప్ తీసెయ్యాలి, ఏసీ పేజీ తెరవాలి, అందులో ఆ గుర్తు ఎక్కడుందో వెతకాలి, సరిగ్గా నొక్కాలి. బండి కుదుపుకు వేలు పక్క గుర్తు మీద పడింది. మా ఆవిడ చున్నీతో అద్దం తుడుస్తోంది.

తలెత్తేసరికి ఎదురుగా ట్రాక్టర్ ట్రాలీ. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ కూడా లేదు. ఇండికేటర్ వేసే టైమ్ లేక ఒక్కసారిగా కుడికి తిప్పాను. అప్పుడు స్టీరింగ్ నా చేతుల్లో ఎడమకు, అంటే ట్రాలీ వైపుకు లాగింది. లేన్ కీప్ అసిస్ట్ పని అది. ఇండికేటర్ లేకుండా గీత దాటుతున్నాం కాబట్టి డ్రైవరు ఏమరుపాటుగా ఉన్నాడనుకుని బండిని వెనక్కి తెస్తుంది. గట్టిగా తిప్పితే వదిలేస్తుంది, నాకూ వదిలేసింది. కానీ ఆ క్షణంలో బండి నాకు ఎదురు తిరిగినట్టు అనిపించింది. వెనక లారీ హారన్, పిల్లల ఏడుపు. పక్కకు ఆపి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాం. చేతులు వణుకుతున్నాయి.

మర్నాడు మాన్యువల్ మొత్తం చదివాను. కొనకముందే చదవాల్సింది. మనకు అమ్ముతున్నది లెవెల్ 2 అడాస్. స్టీరింగ్‌కీ బ్రేక్‌కీ సాయం చేస్తుంది అంతే. బండి నడిపే బాధ్యత ప్రతి క్షణం మనదే, ప్రమాదం జరిగితే జవాబు చెప్పాల్సిందీ మనమే. గీతలు చెరిగిపోయినా, జోరువాన ఉన్నా, ఎదురుగా ఎండ కొట్టినా, బంపర్‌కు బురద పట్టినా పనిచేయకపోవచ్చని రాసి ఉంది. కదిలే బండిని పట్టుకున్నంత బాగా ఆగి ఉన్న బండిని పట్టుకోలేకపోవచ్చనీ, పశువులు అడ్డం వస్తే గుర్తించకపోవచ్చనీ ఉంది. మన రోడ్ల మీద రాత్రిపూట ప్రాణాలు తీసేవి సరిగ్గా ఇవే కదా: లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ, అడ్డం వచ్చే బర్రెలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకు, కోతల సీజన్‌లో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు. వడ్ల కుప్పను ఆ కెమెరా ఏమనుకుంటుందో షోరూమ్‌లో ఎవరైనా చెప్పగలరా? నేను అడిగాను. చెప్పలేకపోయారు.

అడాస్ మొత్తం దండగ అని నేను అనడం లేదు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద చక్కగా పనిచేసింది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదకు బైకుల్ని రానివ్వరు, గీతలు స్పష్టంగా ఉంటాయి, అడ్డరోడ్లు లేవు. ముందు బండి వేగాన్ని బట్టి తగ్గుతూ పెరుగుతూ పోయే క్రూయిజ్ అక్కడ నిజంగా హాయి. అదే విజయవాడ హైవే మీద పెట్టి చూడండి. ముందు బండికి అది వదిలే ఖాళీలోకి ఒక బైకో ఆటోనో దూరుతుంది, మన బండి గట్టిగా బ్రేక్ వేస్తుంది. మనకు ఏమీ కాదు, కానీ వెనక ఆర్టీసీ బస్సు డ్రైవర్‌కు మన బండి ఎందుకు ఆగిందో ఎలా తెలుస్తుంది? చౌటుప్పల్ దగ్గర అలా రెండుసార్లు జరిగాక దాన్ని వాడటం మానేశాను. పక్క లేన్‌లో ఉండి సైడ్ అద్దంలో కనపడని బండిని చూపించే హెచ్చరిక, రివర్స్ చేసేటప్పుడు అడ్డం వచ్చేవాళ్ళను చెప్పేది, బండి చుట్టూ చూపించే 360 కెమెరా, ఈ మూడూ మాత్రం రోజూ పనికొస్తున్నాయి. ఇవి మీరు చూస్తున్న మోడల్‌లో కింది వేరియంట్లలోనే దొరుకుతాయేమో తప్పకుండా అడగండి.

ఇంకో ఖర్చు ఎవరూ ముందుగా చెప్పరు. నకిరేకల్ దగ్గర టిప్పర్ నుంచి రాయి ఎగిరి ముందు అద్దం పగిలింది. అడాస్ కెమెరా ఆ అద్దం వెనకే ఉంటుంది. అద్దం మారిస్తే కెమెరాను మళ్ళీ కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు కచ్చితంగా ఉండేలా సరిచేయాలి. దానికి కావలసిన పరికరాలు మా దగ్గరి సర్వీస్ సెంటర్‌లో లేవు, బండిని హైదరాబాద్ పంపారు, ఎనిమిది రోజులు పట్టింది. అద్దానికి ఇన్సూరెన్స్ వచ్చింది, కాలిబ్రేషన్ బిల్లు నేను కట్టాను. బంపర్‌లో రాడార్ ఉంటుంది కాబట్టి చిన్న గుద్దుడుకు కూడా ఇదే కథ. ముందు క్రాష్ గార్డ్ బిగించుకోవడం, అద్దం పైభాగంలో స్టిక్కర్లు అంటించుకోవడం చెయ్యకండి, కెమెరాకూ రాడార్‌కూ అడ్డం పడతాయి.

బటన్ల విషయంలో నాది చాదస్తం అని షోరూమ్ మేనేజర్ అన్నట్టే మాట్లాడారు. స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక 2022లో పరీక్ష పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఏసీ, రేడియో లాంటి మామూలు పనులు నాలుగు చేయమంది. బటన్లున్న 2005 నాటి పాత వోల్వోలో 10 సెకన్లు పట్టాయి. అన్నిటికంటే వెనకబడిన టచ్‌స్క్రీన్ బండిలో 44.6 సెకన్లు, అంటే దాదాపు 1.4 కిలోమీటర్ల దూరం. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్, హజార్డ్ లైట్ల వంటి వాటికి విడిగా చేతికి తగిలే మీటలు ఉంటేనే పూర్తి మార్కులు అంటోంది. ఇవన్నీ ప్రింట్ తీసి ఆయనకు ఇచ్చి వచ్చాను.

"ఇప్పుడు కొనండి, మిగతా ఫీచర్లు అప్‌డేట్‌లో వస్తాయి" అనే మాట కూడా నమ్మి డబ్బు కట్టకండి. నాకు బండిని లేన్ మధ్యలో ఉంచే లేన్ సెంటరింగ్ రెండు నెలల్లో అన్నారు, ఏడు నెలలకు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ధరకు నిలకడ కూడా ఉండదు. అమెరికాలో టెస్లా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ అమ్మే ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ అనే డ్రైవింగ్ సాయం సాఫ్ట్‌వేర్ 2022లో 15,000 డాలర్లు ఉండేది, 2024లో 8,000 అయింది, నెలకు 99 డాలర్లకే అద్దెకు ఇచ్చారు. మన దేశంలో 2025 జులైలో ముంబైలో షోరూమ్ తెరిచినప్పుడు అదే ప్యాకేజీకి 6 లక్షలు అన్నారు, అప్పటికి అది ఇక్కడి రోడ్ల మీద పనిచేయదు కూడా. ఈ రోజు చేతిలో పనిచేసేదానికే డబ్బు ఇవ్వండి.

ఇంకా బుక్ చేయనివాళ్ళకు చెప్పేది: మీకు కేటాయించిన బండి చాసిస్ నంబరు ముందే తీసుకోండి. యార్డుకు వెళ్ళి అదే బండిలో కూర్చోండి, టెస్ట్ డ్రైవ్ బండిలో కాదు. రోడ్డు మీద కళ్ళు పెట్టి చూడకుండానే ఆవిరి పోగొట్టే బటన్, వైపర్ మీట చేతికి అందుతున్నాయో లేదో చూడండి. లేన్ అసిస్ట్ ఆపేసి, బండి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి. నా బండిలో ప్రతిసారీ మళ్ళీ ఆన్ అవుతుంది, ఆపాలంటే స్క్రీన్‌లో మూడు పేజీలు తిరగాలి. స్పేర్ టైరు ఉందా, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తున్నారా అడగండి. ఏ ఫీచర్ ఇప్పుడు పనిచేస్తుందో, ఏది తర్వాత వస్తుందో, కనెక్టెడ్ సర్వీస్ (ఇంటర్నెట్, ఫోన్ యాప్‌తో నడిచే సౌకర్యాలు) ఎన్నేళ్ళు ఉచితమో ఈమెయిల్‌లో రాయించుకోండి. అది వచ్చాకే బ్యాంకుకు లోను విడుదల చేయమని చెప్పండి. లోను వెళ్ళాక మన మాటకు బలం ఉండదు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. టెస్ట్ డ్రైవ్ రోజు మా అబ్బాయి సరదాగా తీసిన ఫోటోలో పాత బటన్లు స్పష్టంగా కనపడుతున్నాయి. ఇప్పుడు నా దగ్గరున్న గట్టి ఆధారం అదొక్కటే. మీరు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్ళినప్పుడు డాష్‌బోర్డు అంతా వీడియో తీసి పెట్టుకోండి.