'ఒక్క క్లిక్‌తో నునుపు' అనే మెష్ స్మూతింగ్ టూల్స్ కొనేముందు జాగ్రత్త!

3డీ స్కాన్ మోడల్ (చిన్న త్రిభుజాల అల్లిక, అదే మెష్) గరుకునంతా ఒక్క క్లిక్‌తో పోగొడతామని చెప్పే ప్లగిన్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. డెమోలో అద్దంలా మెరిసిన మోడల్ ప్రింట్ చేశాక మళ్లీ పలకలు పలకలుగా రావచ్చు. నునుపుగా వచ్చినా బిగించాల్సిన చోట పట్టకపోవచ్చు. రెండూ కొన్నాకే బయటపడతాయి.

డెమోలో చూపేది ఉత్త షేడ్ స్మూత్ కావచ్చు. అది వెలుతురు పడే తీరును మారుస్తుందే తప్ప ఒక్క వెర్టెక్స్‌నీ (త్రిభుజాల మూల బిందువు) కదపదు. 3డీ ప్రింటింగ్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్లో ఒక్కో త్రిభుజానికి మూడు మూలలు, ఒక నార్మల్ (అది ఎటు తిరిగి ఉందో చెప్పే దిశ) ఉంటాయి, అంతే. అందుకే ఎక్స్‌పోర్ట్ చేయగానే ఆ నునుపు మాయం. ఫ్లాట్ షేడింగ్‌లో (ప్రతి పలకా విడిగా కనిపించేలా), వైర్‌ఫ్రేమ్‌తో (త్రిభుజాల గీతలతో) చూపించమని అడగండి.

అసలు నష్టం మాత్రం కుంచించుకుపోవడం. మామూలు లాప్లాసియన్ పద్ధతి ప్రతి వెర్టెక్స్‌నీ చుట్టుపక్కల వాటి సగటు స్థానం వైపు లాగుతుంది. గడ్డలు అణుగుతాయి, నిజమే. కానీ వాటితోపాటు పిన్నులు సన్నబడతాయి, రంధ్రాలు ఇరుకవుతాయి, అంచులు గుండ్రబడతాయి. ఎన్నిసార్లు తిప్పితే అంత నష్టం. దీనికి మందు 1995లోనే వచ్చింది: టాబిన్ పద్ధతిలో ఒక అడుగు లోపలికి, ఇంకో అడుగు బయటికి. ఉచితంగా దొరికే మెష్‌ల్యాబ్‌లో అది ఉంది, లాంబ్డా (లోపలి అడుగు) 0.5, మ్యూ (బయటి అడుగు) -0.53, 10 సార్లు అన్నవి డిఫాల్ట్ విలువలు. డబ్బు తీసుకునే టూల్ కనీసం ఈ పాటి పనైనా చేయాలి కదా!

ట్రయల్‌లోనే పరీక్షించండి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో 20 మి.మీ. వ్యాసం ఉన్న ఐకోస్ఫియర్‌ని (త్రిభుజాలతో చేసిన గోళం), సబ్‌డివిజన్స్ 5 పెట్టి, ఎస్‌టీఎల్‌గా తీయండి. ఘనపరిమాణం 4189 ఘన మి.మీ.కి కాస్త తక్కువగా ఉంటుంది, రాసిపెట్టుకోండి. టూల్‌లో నడిపి మళ్లీ కొలవండి. వ్యాసార్థం 2 శాతం తగ్గినా ఘనపరిమాణం దాదాపు 6 శాతం పడిపోతుంది కాబట్టి తేడా దాగదు.

ఈ పరీక్షలోనే ఇంకో లోపమూ దొరుకుతుంది. ఎస్‌టీఎల్‌లో ప్రతి త్రిభుజం తన మూలల్ని విడిగా దాచుకుంటుంది. ఒకే చోట ఉన్న వెర్టెక్స్‌లను ముందు కలపని టూల్ అయితే, ఏ త్రిభుజానికా త్రిభుజం తన మధ్యకు ముడుచుకుపోయి గోళమంతా బీటలు వారుతుంది. లేదా, అంచుల్ని కదపని టూల్ అయితే, అసలేమీ మారదు.

వెర్టెక్స్‌ల సంఖ్య కూడా చూడండి. ఒకే చోట ఉన్నవాటిని కలిపాక లెక్కిస్తే, స్మూతింగ్‌తో అది మారకూడదు. మారిందంటే లోపల రీమెష్ (ఉపరితలాన్ని కొత్త త్రిభుజాలతో మళ్లీ అల్లడం) జరిగి ఉండొచ్చు. అది వోక్సెల్ (చిన్న ఘనపు గడి) పద్ధతిలో జరిగితే గడి కంటే చిన్న వివరాలు చెరిగిపోతాయి, యూవీ మ్యాప్ (టెక్స్చర్ బొమ్మ మోడల్‌పై ఎక్కడ పడాలో చెప్పే లెక్క) కూడా పోవచ్చు, టెక్స్చర్ ఉన్న మోడల్స్‌కి ఇది పెద్ద దెబ్బ.

ట్రయల్‌లో ఎక్స్‌పోర్ట్ ఇవ్వని టూల్‌ని ఇలా కొలిచే వీలే లేదు. దానికి డబ్బు కట్టకండి.