చేతిలో 10 లక్షలుంటే డెంటల్ క్లినిక్‌కి ఏది మేలు: స్కానరా, రెండో చైరా, కన్సల్టెంటా?

క్లినిక్ పెట్టి నాలుగైదేళ్లయింది. మొదటి లోను దాదాపు తీరిపోయింది. చేతిలో కాస్త డబ్బు ఆడుతోంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా బయట బెంచీలు నిండి ఉంటాయి, పొద్దున్న పదకొండుకేమో రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది. సరిగ్గా ఈ దశలోనే కంపెనీ రిప్రజెంటేటివ్ ఇంట్రాఓరల్ స్కానర్ (నోట్లో పెట్టి పళ్ల కొలతను కంప్యూటర్‌లోకి తీసే మెషీన్) బ్రోషరు పట్టుకుని వస్తాడు. తోటి డాక్టరేమో రెండో చైర్ వేసెయ్యమంటాడు. ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసిన జూనియర్ ఒకరు ఫోన్ చేసి వారానికి రెండు పూటలు కన్సల్టెంటుగా వచ్చి కేసులు చేస్తానంటారు.

నా ఓటు ముందే చెప్పేస్తున్నా. భీమవరం, ఖమ్మం లాంటి ఊళ్లో ఒకే చైర్‌తో నడిచే క్లినిక్‌కి ముందు కన్సల్టెంటు, ఆ తర్వాత రెండో చైర్, ఆఖరున స్కానర్. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు, ఎందుకంటే స్కానర్ కంటికి కనబడుతుంది.

దేన్నైనా తూచాలంటే ముందు మన గంట ఖరీదు మనకు తెలియాలి. నెలాఖరున అద్దె, జీతాలు, క్యాప్‌లు చేసిచ్చే ల్యాబు బిల్లులు కట్టేశాక మిగిలినదంతా లాభమే అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం మన సొంత జీతం. అదే పని వేరే క్లినిక్‌లో చేస్తే ఎంత ఇస్తారో అంత ముందు పక్కన పెట్టాలి. ఆ పైన ఏమైనా మిగిలితే అది యజమాని సొమ్ము.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, వీటి చోట మీవి పెట్టుకోండి. అద్దె, స్టాఫ్ జీతాలు, కరెంటు, బయోమెడికల్ వేస్ట్ వాళ్లకు కట్టేది, రిపేర్లు, ఈఎంఐ అన్నీ కలిపి నెలకు 1,00,000. డాక్టర్ జీతం 80,000. మొత్తం 1,80,000. క్లినిక్ నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు తెరిచి ఉంటుంది, అంటే 200 గంటలు. కానీ చైర్‌లో పేషెంటు నిజంగా ఉన్న సమయం 110 గంటలే అనుకోండి. అప్పుడు గంట ఖరీదు 900 కాదు, దాదాపు 1,640.

ఇప్పుడు దవడ పన్నుకు రూట్ కెనాల్ తీసుకోండి. మూడు సిట్టింగులు, ఒక్కోటి ముప్పావుగంట. రెండుంపావు గంటలకు చైర్ ఖర్చే 3,690. ఫైళ్లు (పన్ను లోపలి కాలువను శుభ్రం చేసే సన్నటి పనిముట్లు), ఆ కాలువను నింపే గట్టా పెర్చా, మత్తు సూది వగైరాకి ఇంకో 500. పక్క వీధిలో తీసుకుంటున్నారని మనమూ 3,500 తీసుకుంటే, పేషెంటు దండం పెట్టి వెళ్తాడు గానీ మనం చేతి డబ్బు పెట్టుకుని పన్ను బాగుచేసినట్టే. దాని మీద వేసే క్యాప్ ఈ నష్టాన్ని పూడుస్తోంది కాబట్టి ఇన్నాళ్లూ మనకు తెలియలేదు. ఇంతకీ పేషెంట్లలో చాలామంది నొప్పి తగ్గగానే క్యాప్ వేయించుకోకుండా మాయమవుతారు, అది వేరే కథ.

ఈ లెక్క చేతిలో ఉంచుకుని స్కానర్ దగ్గరికి వెళ్దాం. 10 లక్షలు పెట్టి కొన్నది ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 16,700 పడుతుంది. వడ్డీ, కొన్ని కంపెనీలు ఏటా వసూలు చేసే సాఫ్ట్‌వేర్ ఫీజు, అరిగిపోయే టిప్పులు కలిస్తే తడిసి మోపెడవుతుంది. నెలకు 15 క్యాప్‌లు వేసే క్లినిక్‌లో ఒక్కో క్యాప్ మీద 1,100 పైనే. ఇప్పుడు కొలత తీయడానికి వాడే పుట్టీ, లైట్ బాడీ మెటీరియల్‌లో మిగిలేది దీని దరిదాపుల్లోకి కూడా రాదు. నెలకు 60 క్యాప్‌లు దాటితే అదే ఖర్చు ఒక్కోదానికి 280కి దిగుతుంది, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

స్కానర్‌లో అసలు లాభం మెటీరియల్‌ది కాదు, టైముది. కొలత సరిగా రాక ల్యాబు వాళ్లు ఫోన్ చేస్తే, పేషెంటును మళ్లీ పిలిచి మళ్లీ కొలత తీయాలి. ల్యాబు రెండోసారి ఉచితంగానే చేసిస్తుందేమో, పోయిన చైర్ గంటను మాత్రం ఎవరూ తిరిగివ్వరు. ఒకసారి మీ ల్యాబు బిల్లులు ముందేసుకుని రిపీట్లు ఎన్నో లెక్కపెట్టండి. నెలకు ఒకటో రెండో ఉంటే దానికి మందు స్కానర్ కాదు, కొలత తీసే కొత్త ట్రేలు, కాస్త ఓపిక. అలైనర్లు (వంకర పళ్లను సరిచేసే పారదర్శక తొడుగులు) ఎక్కువ చేసే చోట సంగతి వేరు. డిసెంబరు, జనవరుల్లో అమెరికా నుంచి వచ్చి పది రోజుల్లో ఆరు క్యాప్‌లు పూర్తి కావాలనే వాళ్లు ఎక్కువగా ఉండే గోదావరి జిల్లాల పట్టణాల్లోనూ వేరే. కొరియరు కోసం చూడకుండా స్కాన్ చేసిన కంప్యూటర్ ఫైలు ఆ సాయంత్రమే ల్యాబుకు చేరితే రెండు మూడు రోజులు కలిసొస్తాయి. వాళ్లకు ఆ రోజులే ముఖ్యం.

మెషీన్ కొంటే ట్యాక్సు తగ్గుతుందని మార్చి నెలలో చెప్పేవాళ్లుంటారు. ఆదాయపు పన్నులో ఇన్నాళ్లూ 44ఏడీఏ అని పిలుచుకుంటున్న పద్ధతిలో రాబడిలో సగం లాభంగా చూపించేవాళ్లకు ఆ మాట వర్తించదు. మెషీన్ తరుగుదల ఖర్చు ఆ మిగతా సగంలోనే కలిసిపోయినట్టు లెక్క, విడిగా ఏమీ రాదు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మెషీన్ మీద కట్టిన జీఎస్టీ కూడా వెనక్కి రాదు. రిప్రజెంటేటివ్ చెప్పే ధర జీఎస్టీతోనా, జీఎస్టీ కాకనా అని మొదటే అడగండి.

రెండో చైర్ వేస్తే రాబడి రెట్టింపు అవుతుందనుకోవడం భ్రమ, ఎందుకంటే డాక్టరుకు ఉన్నవి రెండు చేతులే. అది ఇచ్చేది పేషెంటుకూ పేషెంటుకూ మధ్య పోయే సమయం. ఒకరు లేచాక చైర్ తుడిచి, సక్షన్ కడిగి, ట్రే మార్చి, ఇంకొకరిని కూర్చోబెట్టి, బిబ్ కట్టేసరికి పావుగంట. సాయంత్రం ఐదుగురికి గంటంపావు ఇలా పోతుంది. నెలకు 30 గంటలు, అవీ బయట జనం ఎదురుచూస్తున్న గంటలు. కింది దవడకు మత్తు ఇచ్చి పెదవి మొద్దుబారేదాకా ఆగే సమయంలో పక్క చైర్‌లో కుట్లు తీసేయవచ్చు.

కాకపోతే చైర్ ఒక్కటే కొంటే సరిపోదు. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల సైకిల్ ఆరడంతో కలిపి ముప్పావుగంట తినేస్తుంది. హ్యాండ్‌పీసులు (పన్ను అరగదీసే డ్రిల్లులు) మూడే ఉంటే రెండు చైర్లూ వాటి కోసం ఎదురుచూస్తాయి. రెండో అసిస్టెంటు కావాలి, కంప్రెసరు చాలకపోవచ్చు, ఎక్స్‌రే మెషీన్ ఇంకోటి పెడితే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) వారి ఆన్‌లైన్ పోర్టల్ ఈలోరాలో దానికీ రిజిస్ట్రేషన్ చేయించాలి. చైర్ ధరకు దాదాపు ఇంకో అంత కలిపి బడ్జెట్ వేసుకోండి.

ఇక కన్సల్టెంటు. ఇక్కడ పెట్టుబడి దాదాపు ఏమీ లేదు. ఎండోడాంటిస్టు (రూట్ కెనాల్ స్పెషలిస్టు) వారానికి రెండు పొద్దుటి పూటలు వస్తారనుకోండి. ఒక్కో కేసుకు ఫీజు 5,000, మెటీరియల్ 500 తీసేసి మిగిలినది చెరిసగం. క్లినిక్‌కి 2,250. ఆ పొద్దుటి గంటకు అద్దె, జీతాలు మనం ఎలాగూ కడుతున్నాం, కాబట్టి అదంతా మిగులే. నెలకు ఎనిమిది కేసులైతే 18,000. స్కానర్ ధర ఒక్కటే నెలనెలా పట్టుకుపోయే 16,700 కన్నా ఇది కాస్త ఎక్కువ.

పేషెంట్లు పొద్దున రారంటారు. ఉద్యోగస్తులు రారు, నిజమే. పిల్లల్ని బడికి పంపేసిన గృహిణులు, రిటైరైన మాస్టార్లు పదకొండుకు హాయిగా వస్తారు, వాళ్లకు ఆరు గంటల అపాయింట్‌మెంట్ ఇచ్చి సాయంత్రం రద్దీ పెంచుతున్నది మనమే. అమావాస్య నాడు మాత్రం ఎవరినీ పన్ను తీయించుకోమని బలవంతపెట్టకండి, ఆ పూట కన్సల్టెంటును రావద్దనడమే మేలు.

ఇబ్బంది డబ్బు దగ్గర కాదు, నమ్మకం దగ్గర. “వేరే ఆయనొద్దు సార్, మీరే చెయ్యండి” అంటారు. మొదటి నెల రోజులు మీరే పక్కన నిలబడి “ఈ పని నాకన్నా ఈవిడే బాగా చేస్తారండీ” అని చెప్పాలి, అదీ నిజమైతేనే. మాటలన్నీ ముందే కాగితం మీద పెట్టుకోండి: ఫైలు విరిగితే, ఇంప్లాంటు ఊడితే మళ్లీ చేసే ఖర్చు ఎవరిది, చివరి నిమిషంలో రానంటే ఏం చేయాలి, పేషెంటు రికార్డు ఎక్కడుంటుంది. పని చేసినవాళ్లతో ఫీజు పంచుకోవడం వేరు, పేషెంటును పంపినందుకు కమీషన్ తీసుకోవడం వేరు. రెండోది డెంటల్ కౌన్సిల్ 2014 నాటి నియమావళి ప్రకారం తప్పు.

మీ చైర్ పొద్దున కూడా ఖాళీ లేదంటే కన్సల్టెంటు మాట వదిలేసి నేరుగా రెండో చైర్‌కే వెళ్లండి. దానికి ముందు అద్దె అగ్రిమెంటు తీసి చూసుకోండి. మూడేళ్ల లోపే మిగిలి ఉంటే నేల తవ్వి పైపులు వేయకుండా, ఓనరుతో కూర్చుని కొత్త గడువు రాయించుకున్నాకే ప్లంబరును పిలవండి.